తొడ ఎముకకు రాడ్ వేస్తామన్నారా? దెబ్బ తగిలిన గంట నుంచి ఎముక అతికే దాకా మీరు చేయాల్సినవి

"తొడ ఎముక విరిగింది, రాడ్ వేయాలి. ఇక్కడ సంతకం పెట్టండి." మా తమ్ముడికి యాక్సిడెంట్ అయిన రాత్రి నాకు చెప్పింది ఇంతే. ఏం రాడ్, ఎక్కడ వేస్తారు, ఎన్నాళ్లు ఉంటుంది, మళ్లీ తీస్తారా, వాడు మామూలుగా నడుస్తాడా... ఒక్కటీ అడగలేకపోయాను. నోరు ఎండిపోయింది. పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాను. తర్వాత ఎనిమిది నెలలు వాడి వెంటే ఉండి, కనపడిన ప్రతి డాక్టర్నీ ఫిజియోథెరపిస్టునూ అడిగి, దొరికింది చదివి తెలుసుకున్నదంతా ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను. మీవాళ్లెవరైనా ఇప్పుడు ఆ మంచం మీద ఉంటే ఇది మీ కోసమే.

ఏ మందు ఎంత వేసుకోవాలి, కాలు మీద బరువు ఎప్పుడు మోపాలి అన్నవి మీ సర్జన్ చెప్పాల్సిన విషయాలు. ఎక్స్‌రే చూసినవాళ్లే అవి చెప్పగలరు. ఏం అడగాలో, ఏం గమనించాలో, దేనికి పరుగెత్తాలో మాత్రం మీరు తెలుసుకుని ఉండాలి.

ముందు ఆ రాడ్ ఏమిటో అర్థం చేసుకోండి

డాక్టర్లు నెయిల్ అంటారు, వార్డులో అందరూ రాడ్ అంటారు. రెండూ ఒకటే. నెయిల్ అన్నారు కదా అని సుత్తితో కొట్టే మేకును ఊహించుకుని భయపడకండి. తొడ ఎముక ఒక గొట్టం లాంటిది. చుట్టూ గట్టి గోడ, లోపల మూలుగ. ఆ బోలులోకి తుంటి వైపు నుంచి గాని మోకాలి వైపు నుంచి గాని దూర్చే లోహపు కడ్డీ ఇది.

మా ఫిజియోథెరపిస్టు దగ్గర నమూనా రాడ్ ఒకటి ఉంటే చేతిలోకి తీసుకుని చూశాను. మూరెడు పొడవు, చిటికెన వేలంత లావు. తిన్నగా ఉంటుందనుకున్నాను, బల్ల మీద పెడితే మధ్యలో విల్లులా కొంచెం పైకి లేచింది. మన తొడ ఎముక ముందుకు అలాగే కాస్త వంగి ఉంటుంది కాబట్టి రాడ్‌నూ ఆ వంపుతోనే చేస్తారు. లోపల ఈ కొస నుంచి ఆ కొసకు సన్నటి తీగ దూరేంత రంధ్రం ఉంది. రెండు చివర్లలో అడ్డంగా బెజ్జాలు ఉన్నాయి. పెద్దవాళ్లకు సాధారణంగా 9 నుంచి 13 మిల్లీమీటర్ల లావు, 30 నుంచి 46 సెంటీమీటర్ల పొడవులో ఇవి దొరుకుతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో గాని టైటానియం మిశ్రమంతో గాని చేస్తారు.

ఆ అడ్డ బెజ్జాల గురించి ఒక్క నిమిషం చెప్పాలి. ఈ పద్ధతిని 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంచర్ అనే సర్జన్ మొదలుపెట్టారు. అంతకుముందు తొడ ఎముక విరిగితే కాలికి బరువులు కట్టి వారాల తరబడి, ఒక్కోసారి మూడు నెలల దాకా మంచం మీదే పడుకోబెట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పట్టుబడిన సైనికులు తొడలో రాడ్‌తో స్వదేశాలకు తిరిగి వెళ్లాకే అక్కడి డాక్టర్లు చాలామందికి ఈ సంగతి తెలిసింది. అప్పటి రాడ్‌కు స్క్రూలు ఉండేవి కావు. ఎముక గోడలకు బిగుసుకుని నిలబడాలి, అంతే. ఎముక నుజ్జయితే అది ఆపలేకపోయేది. 1970లలో పైనా కిందా అడ్డంగా స్క్రూలు వేసి లాక్ చేసే రాడ్‌లు వచ్చాయి. అప్పటి నుంచి ఎముక ముక్కలు ముక్కలైనా కాలు పొట్టి కాకుండా, పక్కకు తిరిగిపోకుండా పట్టి ఉంచడం వీలైంది.

పట్టి ఉంచడం అన్న మాట గుర్తుపెట్టుకోండి. రాడ్ ఎముకను అతికించదు. ఎముక తనంతట తానే అతుక్కోవాలి. అది అతుక్కునే దాకా రాడ్ కాపలా కాస్తుంది. లోహం కూడా అలుస్తుంది. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒక దగ్గర పుటుక్కున తెగినట్టే, అతకని ఎముక మీద నెలల తరబడి నడిస్తే రాడ్ గాని స్క్రూ గాని విరుగుతుంది. అందుకే ఇది ఎముకకూ లోహానికీ మధ్య పందెం. రాడ్ అలిసిపోయే లోపు ఎముక అతకాలి. కింద చెప్పబోయేదంతా ఎముకను గెలిపించడానికే.

దెబ్బ తగిలిన చోట

తొడ ఎముక శరీరంలో అన్నిటికంటే పొడవైనది, బలమైనది. కుర్రవాళ్లలో అది విరిగిందంటే దెబ్బ చాలా గట్టిదని అర్థం, కాబట్టి తల, ఛాతీ, పొట్ట కూడా దెబ్బతిన్నాయేమో చూడాలి. పైకి చుక్క రక్తం కనపడకపోయినా తొడ లోపల ఒక లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం పోవచ్చు. తొడ ఉబ్బి, మనిషి పాలిపోయి, చెమటలు పడుతుంటే అదే కారణం కావచ్చు. వెంటనే అంబులెన్స్ పిలవండి.

వంకరపోయిన కాలిని మీరు లాగి సరిచేయకండి. ఉన్నచోట ఉన్నట్టే, తుంటి పై నుంచి మడమ దాటేదాకా పొడవాటి బద్ద ఏదైనా ఆనించి గుడ్డలతో కట్టండి. బద్ద దొరక్కపోతే రెండు కాళ్ల మధ్య మెత్తటి దుప్పటి పెట్టి, బాగున్న కాలికి జత చేసి కట్టొచ్చు. కట్టాక వేళ్లు చల్లబడ్డాయా, తిమ్మిరెక్కాయా అని చూస్తూ ఉండండి. చర్మం చీలి ఎముక బయటికి వచ్చి ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పండి, లోపలికి నెట్టకండి. ఇలా గాయమైనవాళ్లకు యాంటీబయాటిక్ ఎంత తొందరగా పడితే అంత మంచిది. ఆస్పత్రిలో అడుగు పెట్టగానే "ఎముక బయటికి వచ్చింది" అన్న మాటే మొదట చెప్పండి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి నోటికి ఏమీ ఇవ్వకండి.

ఎక్కడ విరిగిందో అడగండి

"తొడ ఎముక విరిగింది" అంటే సరిపోదు. ఎక్కడ విరిగిందన్న దాన్ని బట్టే రాడ్ మారుతుంది, కోలుకునే తీరూ మారుతుంది. ఎక్స్‌రే చూపించి చెప్పమనండి, చెప్తారు.

నడిమి భాగం, అంటే షాఫ్ట్ విరిగితే పొడవాటి రాడ్ వేస్తారు. తుంటికి కొంచెం కింద, ట్రోకాంటర్ అనే ఉబ్బు దగ్గర విరిగితే (వయసు పైబడినవాళ్లు ఇంట్లో జారిపడినప్పుడు తరచుగా విరిగే చోట్లలో ఇదొకటి) రాడ్‌లోంచి ఏటవాలుగా తుంటి బంతిలోకి ఒక లావాటి స్క్రూ పోతుంది. పీఎఫ్ఎన్, గామా నెయిల్ అని మీరు వినేవి ఇవే. మోకాలికి దగ్గరగా విరిగితే మోకాలి కీలు లోంచి పైకి రాడ్ ఎక్కించవచ్చు, లేదంటే ప్లేటు వేయవచ్చు. తుంటి బంతికి ఆనుకుని ఉండే మెడ భాగం విరిగితే లెక్క వేరు. అక్కడ స్క్రూలు వేయడమో కీలు మార్చడమో చేస్తారు, ఈ వ్యాసంలోని చాలా సంగతులు దానికి వర్తించవు.

చిన్న పిల్లలకు సాధారణంగా ఈ గట్టి రాడ్ వేయరు. ఎదుగుదల పలకలు (ఎముక పొడవు పెరిగే చోట్లు), తుంటి బంతికి వెళ్లే రక్తనాళాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. సుమారు ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లలకు వంగే గుణమున్న సన్నటి టైటానియం కడ్డీలు రెండు వేస్తుంటారు.

రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. బండి మీంచో ఎత్తు నుంచో పడి షాఫ్ట్ విరిగినవాళ్ల విషయంలో అడగాల్సింది: "అదే కాలికి తుంటి మెడ కూడా చిట్లిందేమో చూశారా?" నూటికి కొద్దిమందికి ఈ రెండూ కలిసి ఉంటాయి. మెడలోని చీలిక వెంట్రుకంత సన్నగా ఉండి మామూలు ఎక్స్‌రేలో దాక్కుంటుంది. సీటీ స్కాన్‌లో జాగ్రత్తగా వెతకాలి. రాడ్ వేశాక బయటపడితే మళ్లీ ఆపరేషనే.

రెండోది, ఎముకలు గుల్లబారాయని ఏళ్ల తరబడి అలెండ్రోనేట్ లాంటి మాత్రలు వాడుతున్నవాళ్ల గురించి. వీళ్లలో కొద్దిమందికి చిన్న తూలుకే తొడ ఎముక అడ్డంగా విరుగుతుంది. విరగడానికి వారాలు, నెలల ముందు నుంచే తొడలో మొద్దు నొప్పి ఉండి ఉంటుంది. ఆ మాత్రల సంగతి డాక్టరుకు చెప్పండి, రెండో తొడకు కూడా ఎక్స్‌రే తీయమని అడగండి. అక్కడా అలాంటి పగులే మొదలై ఉండొచ్చు.

ఆపరేషన్‌కు ముందు

మిగతా దెబ్బలేవీ ప్రాణం మీదికి రాకపోతే షాఫ్ట్ విరిగినవాళ్లకు 24 గంటల్లోపు రాడ్ వేయడానికి చూస్తారు. మనిషి పరిస్థితి బాగా లేకపోతే ముందు బయటి నుంచి పిన్నులు, కడ్డీలతో ఫిక్సేటర్ బిగించి, ఊపిరితిత్తులూ రక్తపోటూ కుదుటపడ్డాక రాడ్ వేస్తారు. అలా వాయిదా వేశారంటే నిర్లక్ష్యం అనుకుని గొడవ పడకండి. పెద్దవయసువాళ్లు మాత్రం మంచం మీద ఎదురుచూసిన ప్రతి రోజుకూ నిమ్ము, పుండ్లు, రక్తం గడ్డల ముప్పు పెరుగుతుంది. వీళ్లకు 24 నుంచి 48 గంటల్లో ఆపరేషన్ అయ్యేలా చూడాలి. ఆలస్యం అవుతుంటే కారణం ఏమిటని మర్యాదగానే, గట్టిగా అడగండి.

మత్తు డాక్టరుకు దాచకుండా చెప్పాల్సినవి: షుగరు, బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం, అలర్జీలు, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు వచ్చిన ఇబ్బందులు, రక్తం పలచబడే మందులు. మందుల పేర్లు తెలియకపోతే ఇంట్లోంచి ఆ అట్టలే తెప్పించండి. సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి తిండి, రెండు గంటల ముందు నుంచి మంచినీళ్లు ఆపుతారు. అందాకా నొప్పి భరించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తుంటి దగ్గర నరానికి మత్తు ఇంజెక్షన్ ఇస్తే తొడ నొప్పి బాగా తగ్గుతుంది. ఆ సౌకర్యం ఉందేమో అడగండి.

సంతకం పెట్టే ముందు ఐదు నిమిషాలు తీసుకోండి. ఏ రాడ్, ఏ లోహం, రెండు వైపులా లాక్ చేస్తారా, రక్తం ఎక్కించాల్సి వస్తుందా, ఎప్పుడు నిలబెడతారు అని అడిగి కాగితం మీద రాసుకోండి. టెన్షన్‌లో విన్న మాట గంటకు గుర్తుండదు, నాకు ఉండలేదు.

లోపల ఏం జరుగుతుందంటే

థియేటర్ బయట కూర్చున్న గంటన్నర, రెండు గంటలు నరకం. లోపల ఏం చేస్తున్నారో తెలిస్తే కొంత నయం అనిపిస్తుంది.

కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇస్తారు. నడుముకు గాని పూర్తిగా గాని మత్తు ఇస్తారు. కాలిని ప్రత్యేకమైన బల్లకు కట్టి లాగి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూస్తూ విరిగిన కొసలను ఎదురెదురుగా తెస్తారు. చాలాసార్లు విరిగిన చోట కోయనే కోయరు. తుంటి పక్కన రెండు మూడంగుళాల కోత పెట్టి, ఎముక పైకొసన బెజ్జం చేసి, దాంట్లోంచి పొడవాటి గైడ్ వైరు దింపుతారు. అది విరిగిన చోటు దాటి కింది ముక్కలోకి దిగడమే అసలు ఘట్టం. తర్వాత ఆ వైరు మీదుగా రీమర్ అనే తొలిచే పరికరంతో బోలును కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తారు, వేయబోయే రాడ్ కంటే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువగా. ఆ తొలుపులో రాలిన ఎముక పొడి విరిగిన చోట పడి అతకడానికి సాయం చేస్తుంది. ఆ తర్వాత రాడ్, ఆ తర్వాత పైనా కిందా స్క్రూలు. విరిగిన చోటును తెరవకపోవడం వల్ల అక్కడి రక్తప్రసరణ చెడదు. ఈ పద్ధతిలో నూటికి 95 మందికి పైగా ఎముక అతకడానికి అదొక ముఖ్య కారణం.

సీ-ఆర్మ్ లేని ఆస్పత్రులు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి. వాటి కోసం లూయిస్ జిర్కల్ అనే అమెరికన్ సర్జన్ 1999లో సైన్ అనే సంస్థ పెట్టి, బయటి నుంచి కొలతపట్టీ లాంటి పరికరంతో స్క్రూ బెజ్జాన్ని కనిపెట్టగలిగే రాడ్‌ను పేద రోగుల కోసం అందిస్తూ వచ్చారు. మనసుకు హత్తుకునే పని.

మొదటి మూడు రోజులు కళ్లు తెరుచుకుని ఉండండి

ఆపరేషన్ అయిన మర్నాడు మా తమ్ముడి కాళ్ల దగ్గర నిలబడి చూశాను. ఎడమ పాదం వేళ్లు పైకప్పును చూస్తున్నాయి, కుడి పాదం గోడ వైపు వాలిపోయింది. ఎవరికి చెప్పాలో తెలియక సాయంత్రం దాకా మథనపడి, చివరికి రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ని ఆపి అడిగాను. ఆయన విసుక్కోలేదు. రెండు కాళ్లనూ తుంటి, మోకాలి దగ్గర మడిచి, ఒక్కో కాలినీ లోపలికీ బయటికీ తిప్పి పోల్చారు. "తేడా పది డిగ్రీల లోపే, కండరాలు పట్టు తప్పి పాదం వాలింది. మంచి పని చేశావమ్మా, అడగాలి" అన్నారు. తేడా 15 డిగ్రీలు దాటితే పట్టించుకోవాల్సిందే. మొదటి రోజుల్లోనే తెలిస్తే స్క్రూలు తీసి కాలు తిప్పి మళ్లీ వేయొచ్చు. ఎముక అతికాక తెలిస్తే ఎముకను కోసి సరిచేయాలి. కాబట్టి కాళ్లను వదులుగా ఉంచి, మోకాలి చిప్పలూ పాదాలూ రెండు వైపులా ఒకేలా తిరిగి ఉన్నాయో లేదో పోల్చండి. కాళ్ల పొడవు కూడా చూడండి.

మూడు విషయాల్లో మాత్రం రౌండ్స్ దాకా ఆగొద్దు, వెంటనే నర్సును పిలవండి. ఒకటి, దెబ్బ తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆయాసం రావడం, మాట తికమకపడటం, చంకల్లో ఛాతీ మీద సన్నటి ఎర్ర చుక్కలు కనపడటం. మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరితే ఇలా అవుతుంది. రెండు, నొప్పి మందులకు లొంగకుండా గంటగంటకూ పెరుగుతూ తొడ గాని పిక్క గాని రాయిలా గట్టిపడటం. లోపల ఒత్తిడి పెరిగి కండరం చచ్చుపడే ప్రమాదం ఉంది. మూడు, పాదం చల్లబడటం, వేళ్లు కదలకపోవడం.

ఎవరూ చెప్పని చిన్న సంగతి ఒకటుంది. ఆపరేషన్ బల్ల మీద తొడల మధ్య ఆనించే స్తంభం ఒత్తిడికి మర్మాంగాల దగ్గర స్పర్శ తగ్గవచ్చు. చాలామందికి వారాల్లో దానంతటదే పోతుంది. సిగ్గుపడి లోలోపల కుమిలిపోకుండా డాక్టరుకు చెప్పాలి.

మంచం మీద ఉన్నప్పుడే మడమల్ని పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టించండి, మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. పిక్కల్లో రక్తం గడ్డ కట్టకుండా ఉండటానికి ఇది పనికొస్తుంది. సర్జన్ ఒప్పుకుంటే మర్నాడే నిలబెడతారు. కాలు నేలకు ఆనిన ఆ మొదటిసారి మనిషి వణికిపోతాడు, కళ్లు తిరుగుతాయి. పక్కన ఇద్దరు ఉండండి, కాసేపు మంచం అంచున కూర్చోబెట్టాకే లేపండి.

ఇంటికి తెచ్చుకున్నాక

డిశ్చార్జ్ రోజున బిల్లు హడావుడిలో పడి అసలు కాగితం వదిలేయకండి. రాడ్, స్క్రూల పెట్టెల మీద కంపెనీ, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒక జత మీ ఫైలులో అతికించమని అడగండి. ఎన్నేళ్ల తర్వాతైనా రాడ్ తీయాల్సి వస్తే దాని తలలో బిగించే పరికరం ఏ కంపెనీదో ఆ స్టిక్కరే చెప్తుంది. ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేలు కూడా తీసుకోండి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

బరువు ఎంత మోపొచ్చన్నది రాతపూర్వకంగా తీసుకోండి. రాడ్ వేసినవాళ్లలో చాలామందిని ఓర్చుకోగలిగినంత బరువు మొదటి నుంచే మోపమంటారు. ఎముక నుజ్జైతేనో, కీలులోకి పగులు వెళ్తేనో కొన్ని వారాలు ఆపుతారు. మోపొచ్చని చెప్పాక కూడా భయపడి కాలు గాల్లో పెట్టుకుని తిరగడం మంచిది కాదు. అడుగు పడ్డప్పుడు అందే ఒత్తిడి ఎముకకు అతుక్కోమని కబురు లాంటిది.

వాకర్ నుంచి కర్రకు మారినప్పుడు కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో చాలామందికి తెలియదు. దెబ్బతిన్న కాలికి ఎదుటి వైపు చేత్తో పట్టుకోవాలి. కుడి కాలు విరిగితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు మీద మన బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్లు పడుతుంది. ఎదుటి చేతి కర్ర దాన్ని బాగా తగ్గిస్తుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు.

వ్యాయామాల్లో రెండు అస్సలు వదలొద్దు. మొదటిది మోకాలు మడవడం. మోకాలు బిగుసుకుపోతే తర్వాత వదిలించడానికి పడే యాతన ఆపరేషన్ నొప్పిని మరిపిస్తుంది. రెండోది, బాగున్న వైపుకు ఒత్తిగిలి పడుకుని దెబ్బతిన్న కాలిని పైకి లేపడం. రాడ్ తుంటి పక్క కండరాల్లోంచే దిగింది కాబట్టి అవి బలహీనపడి నడకలో ఒక పక్కకు ఒరుగుతారు. నెలలు పట్టినా ఈ వ్యాయామమే ఆ ఒరుగుడును సరిచేస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో ఫిజియోథెరపిస్టును అడగండి.

కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు, మాత్రలు కొందరికి ఐదు వారాల దాకా ఉంటాయి. కాలు బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపకండి. ప్రొటీన్ సరిపడా తినాలి. విటమిన్ డి తక్కువుంటే భర్తీ చేయాలి, షుగరు అదుపులో ఉండాలి. నొప్పి మాత్రలు కూడా సొంతంగా కొనుక్కుని నెలల తరబడి మింగకండి, వాటిలో కొన్ని ఎముక అతకడాన్ని మందగింపజేయవచ్చు.

సిగరెట్ గురించి వేరుగా చెప్పాలి. పొగ తాగేవాళ్లకు ఎముక అతకడం ఆలస్యమవుతుంది, అతకకపోయే ప్రమాదమూ ఎక్కువ. మా వాడు నాకు తెలియకుండా రోజుకు నాలుగు తాగుతూనే ఉన్నాడు. నాలుగో నెల ఎక్స్‌రే చూసి డాక్టర్ అడిగితే తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి మానేశాడు.

అతుకుతోందో లేదో ఎలా తెలుస్తుంది

ఆరో వారం ఎక్స్‌రేను డాక్టర్ వెలుతురుకు పట్టి చూపించారు. విరిగిన గీత ఇంకా స్పష్టంగానే ఉంది, నా గుండె జారింది. "గీతను చూడకండి, దాని చుట్టూ చూడండి" అన్నారాయన. చూస్తే ఎముక అంచుల నుంచి పలచటి పొగలా, దూదిపింజలా ఏదో లేస్తోంది. కాలస్ అంటే అదేనట, కొత్త ఎముక. అది నెలలు గడిచేకొద్దీ తెల్లగా గట్టిపడి రెండు ముక్కలనూ కలుపుతుంది. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో రెండు గోడలు, పక్క నుంచి తీసినదాంట్లో రెండు గోడలు కనపడతాయి. ఈ నాలుగింట్లో మూడు కలిసిపోయి, బరువు మోపితే నొప్పి లేకపోతే అతికిందని లెక్క. మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కాబట్టి ప్రతి విజిట్‌లో పాత ఎక్స్‌రే పక్కన కొత్తది పెట్టి చూపించమని అడగండి. ఒక్క ఎక్స్‌రే చూస్తే మనకేమీ తెలియదు, రెండు పక్కపక్కన పెడితే కదలిక తెలుస్తుంది.

మా తమ్ముడికి నాలుగో నెలలో రెండు గోడలే కలిశాయి. డాక్టర్ ఒక చిన్న ఆపరేషన్ చేసి ఒక వైపు స్క్రూ తీసేశారు. డైనమైజేషన్ అంటారు. లాక్ తీసేస్తే నడిచినప్పుడల్లా రెండు కొసలూ ఒకదానికొకటి నొక్కుకుంటాయి. వాడికి పనిచేసింది. అందరికీ పనికిరాదు, ఎముక ముక్కలైన చోట ఇలా చేస్తే కాలు పొట్టి కావచ్చు. దీనికీ లొంగకపోతే రాడ్ తీసి, బోలును మరికొంత తొలిచి లావుపాటి రాడ్ వేస్తారు, అవసరమైతే వేరేచోటి నుంచి తీసిన ఎముక పొడిని అమరుస్తారు.

ఆరు నెలలు దాటినా అడుగు వేస్తే తొడలో నొప్పి ఉందంటే "రాడ్ ఉంది కదా, ఉంటుందిలే" అని సరిపెట్టుకోకండి. బాగా నడుస్తున్న మనిషికి హఠాత్తుగా కొత్త నొప్పి మొదలైనా, కాలు పొట్టి అయినట్టు అనిపించినా ఆ రోజే ఎక్స్‌రే తీయించండి, రాడ్ గాని స్క్రూ గాని విరిగి ఉండొచ్చు. పిక్క ఉబ్బి నొప్పి పుడితే గడ్డ అయ్యుండొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే అంబులెన్సే. గాయం ఎర్రబడినా, చీము కారినా, వదలని జ్వరం ఉన్నా ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లాలి. పైపైన యాంటీబయాటిక్ మింగి కప్పిపెడితే ఇన్ఫెక్షన్ రాడ్ వెంట లోపలికి పాకుతుంది.

రాడ్ తీయించాలా

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఇబ్బంది పెట్టకపోతే తీయించనక్కర్లేదు, జీవితాంతం ఉంచుకోవచ్చు. పెద్దవయసువాళ్లకు సాధారణంగా తీయరు. రాడ్ కొస తుంటి దగ్గర పొడుచుకుంటుంటేనో, స్క్రూ తల మోకాలి పక్కన రాసుకుంటుంటేనో, ఇన్ఫెక్షన్ ఉంటేనో తీస్తారు. మామూలుగా అదైనా ఎముక పూర్తిగా అతికాక, తరచుగా ఏడాది, ఏడాదిన్నర దాటాకే. తీశాక స్క్రూ బెజ్జాలు పూడే దాకా ఎముక అక్కడ బలహీనంగా ఉంటుంది కాబట్టి కొన్ని వారాలు ఎగరడం, పరుగెత్తడం వద్దంటారు.

ఎంఆర్ఐ చేయించాల్సి వస్తే రాడ్ ఉందని ముందే చెప్పండి. ఇప్పటి టైటానియం, స్టీలు రాడ్‌లున్నా సాధారణంగా చేయొచ్చు, రాడ్ చుట్టుపక్కల బొమ్మ మాత్రం చెదురుతుంది. ఎయిర్‌పోర్టులో డిటెక్టర్ కూయవచ్చు. తొడలో రాడ్ ఉందని చెప్తే చేత్తో తనిఖీ చేసి పంపిస్తారు.

మా వాడు తీయించుకోలేదు. నొప్పి లేదు, మెట్లు ఎక్కుతున్నాడు, పనికి వెళ్తున్నాడు. చలిరోజుల్లో తుంటి పక్కన కాస్త పట్టేసినట్టు ఉంటుందంటాడు. వాడి ఫైలు మాత్రం నా బీరువాలోనే ఉంది, మొదటి పేజీకి ఆ స్టిక్కర్లు అతికించి, పైన ఆపరేషన్ తేదీ పెద్ద అక్షరాలతో రాసి.